అలన్ బ్లూమ్‌లైన్

అలన్ డోవర్ బ్లూమ్‌లైన్ (జూన్ 29, 1903 - జూన్ 7, 1942) ఇంగ్లండుకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, ఆవిష్కర్త. స్టీరియో శబ్దగ్రహణానికి ఆద్యుడిగా ఇతడు ప్రసిద్ధుడు. టెలిఫోను, గ్రామఫోను, టెలివిజన్, రాడార్ అనే నాలుగు రంగాలలోను మౌలికమైన ఆవిష్కరణలు చేశాడు. ఇతని పేరిట 128 పేటెంట్లు ఉన్నాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో రహస్య రాడార్ పరికరాన్ని పరీక్షిస్తూ, ముప్పది ఎనిమిదేళ్ళ వయసులో విమాన ప్రమాదంలో మరణించాడు. ఇతడు రూపొందించిన విద్యుత్ వలయాలలో ఒకటి, లాంగ్-టెయిల్డ్ పెయిర్ (పొడవు తోక జంట) అనబడేది, నేటి స్టీరియో యాంప్లిఫయర్ చిప్‌లకు ప్రవేశద్వారంగా పనిచేస్తున్నది. అయినప్పటికీ జనసామాన్యంలో ఇతని పేరు ఎడిసన్, మార్కోనీల పేర్ల వలె వ్యాపించలేదు. అందుకు కారణాలు ఇతని జీవిత కథలోనే ఉన్నాయి.

బాల్యం, విద్యాభ్యాసం

బ్లూమ్‌లైన్ లండన్ నగరంలోని హాంప్‌స్టెడ్‌లో జన్మించాడు. తండ్రి సెమ్మీ బ్లూమ్‌లైన్ జర్మనీలో పుట్టి బ్రిటిష్ పౌరసత్వం స్వీకరించినవాడు. తల్లి జెస్సీ డోవర్, దక్షిణాఫ్రికాలో పనిచేసిన విలియం డోవర్ అనే స్కాట్లండు మతప్రచారకుని కుమార్తె. తల్లి ఇంటిపేరే ఇతని పేరులో మధ్యపదంగా నిలిచింది.

చిన్ననాటి నుండి ఇతని మనసంతా యంత్రాల మీదనే ఉండేది. ఏడేళ్ళ వయసులో ఇంటి తలుపు గంటను బాగుచేసి, తనను తాను ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పేర్కొంటూ తండ్రికి బిల్లు ఇచ్చాడని కుటుంబంలో చెప్పుకునేవారు. చదువు విషయంలో మాత్రం ఇతని ప్రగతి విచిత్రమైనది. పన్నెండేళ్ళు వచ్చేదాకా ఇతనికి ధారాళంగా చదవడం రాలేదని సోదరి అనేది. చదవడం రాకపోయినా వర్గ సమీకరణాలు చాలా వచ్చునని ఇతడు సమాధానం చెప్పేవాడట. అక్షరాల కంటే అంకెలకు, అంకెల కంటే వలయాలకు దగ్గరగా ఉండే ఈ స్వభావం జీవితాంతం కొనసాగింది. ఇతడు వ్రాసిన శాస్త్ర వ్యాసాలు వ్రేళ్ళ మీద లెక్కించదగినవి. చెప్పదలచుకొన్నదంతా పేటెంట్లలోనే చెప్పాడు.

హైగేట్ పాఠశాలలో చదివిన తరువాత ఉపకారవేతనంతో లండన్‌లోని సిటీ అండ్ గిల్డ్స్ కళాశాలలో చేరి, ప్రథమ శ్రేణి ఆనర్సుతో బి.ఎస్‌సి. పట్టా పొందాడు. తన ఆచార్యుడు ఎడ్వర్డ్ మాలెట్‌తో కలిసి అధిక పౌనఃపున్యాల వద్ద విద్యుత్ నిరోధాన్ని కొలిచే పద్ధతిపై వ్రాసిన పత్రానికి బ్రిటిష్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ బహుమతి లభించింది.

టెలిఫోను తీగల నుండి గ్రామఫోను గాడి వరకు

1924లో ఇంటర్నేషనల్ వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. ఇదే తరువాత స్టాండర్డ్ టెలిఫోన్స్ అండ్ కేబుల్స్‌గా మారింది. ఆ రోజుల్లో దూర టెలిఫోను మార్గాలలో ఒక పెద్ద చిక్కు ఉండేది. ఒకే కేబులులో ప్రక్క ప్రక్కనే సాగే తీగలలో ఒకరి సంభాషణ మరొకరికి వినబడేది. దీనిని క్రాస్‌టాక్ అంటారు. జె.పి. జాన్స్ అనే సహోద్యోగితో కలిసి బ్లూమ్‌లైన్ ఈ దోషాన్ని తగ్గించే కొత్త రకం లోడింగ్ కాయిల్‌ను రూపొందించాడు. వీరిద్దరూ కలిసి తయారుచేసిన కొలత పరికరం బ్లూమ్‌లైన్ బ్రిడ్జ్ అనే పేరుతో స్థిరపడింది. రెండు మార్గాలు ప్రక్కప్రక్కన ఉన్నా ఒకదాని సంకేతం మరొకదానిలోకి చొరబడకూడదు అన్న ఈ సమస్య ఇతనికి తరువాతి రోజులలో మళ్ళీ మళ్ళీ ఎదురైంది.

1929లో కొలంబియా గ్రాఫోఫోన్ కంపెనీలో చేరాడు. అక్కడ ఐజాక్ షోన్‌బెర్గ్ అతనికి పై అధికారి. రష్యాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన షోన్‌బెర్గ్ గొప్ప ఇంజనీరే కాక, ప్రతిభను గుర్తించి దానికి పని చెప్పగల నాయకుడు. ఆ కాలంలో రికార్డులపై గాడిని చెక్కే విద్యుత్ కట్టరుకు సంబంధించిన పేటెంట్లు అమెరికాలోని బెల్ సంస్థ చేతిలో ఉండేవి. అమ్మిన ప్రతి రికార్డుకూ రాయల్టీ చెల్లించవలసి వచ్చేది. ఆ పేటెంటును తాకకుండా వేరొక కట్టరును తయారుచేయడం బ్లూమ్‌లైన్‌కు అప్పగించిన మొదటి పని. ఇనుప ముక్కను కదిల్చే పాత పద్ధతిని వదలి, తీగచుట్టను కదిల్చే పద్ధతిని అతడు ఎంచుకున్నాడు. హెర్బర్ట్ హోల్మన్, హెచ్.ఎ.ఎం. క్లార్క్ అతనికి తోడ్పడ్డారు. రాయల్టీ భారం తప్పడమే కాక, కొత్త కట్టరుతో శబ్ద నాణ్యత కూడా మెరుగుపడింది.

1931లో కొలంబియా, గ్రామఫోన్ కంపెనీలు విలీనమై ఇ.ఎం.ఐ. సంస్థ ఏర్పడింది. తెలుగు పాటలు, పద్యాలు, హరికథలు రికార్డులుగా వెలువడిన హెచ్.ఎం.వి., కొలంబియా ముద్రలు రెండూ ఈ సంస్థ కుటుంబానికి చెందినవే. లండన్ సమీపంలోని హేస్‌లో నెలకొల్పిన పరిశోధనశాలకు బ్లూమ్‌లైన్ మారాడు.

స్టీరియో ఆవిష్కరణ

1931 ప్రాంతంలో బ్లూమ్‌లైన్, తాను వివాహమాడబోయే డోరీన్ లేన్‌తో కలిసి ఒక సినిమాకు వెళ్ళాడు. మాటల చిత్రాలు కొత్తగా వచ్చిన కాలమది. తెరపై నటుడు ఒక ప్రక్కన నిలబడి మాట్లాడుతుంటే, గొంతు మాత్రం మరొక ప్రక్కనున్న ఒకే ఒక లౌడ్‌స్పీకరు నుండి వస్తున్నది. మనిషి నడచిన చోటికి శబ్దమూ నడిచేలా చేయడానికి తన వద్ద ఉపాయం ఉన్నదని అతడు డోరీన్‌తో అన్నాడని చెబుతారు.

ఆ ఉపాయం డిసెంబరు 14, 1931న పేటెంటు దరఖాస్తుగా రూపొందింది. 394,325 సంఖ్య గల ఈ బ్రిటిష్ పేటెంటు 1933 జూన్‌లో ఆమోదం పొందింది. ఇందులో 70 క్లెయిములు ఉన్నాయి. స్టీరియో అన్న మాట అప్పటికి వాడుకలో లేదు. తన పద్ధతిని బైనారల్, అనగా ద్వికర్ణ శబ్దం అన్నాడు.

ఈ పేటెంటు గొప్పదనం అర్థం కావాలంటే మన చెవులు దిశను ఎలా కనిపెడతాయో కొంత తెలియాలి. ఎడమ వైపు నుండి వచ్చే శబ్దం ఎడమ చెవికి ముందుగా చేరుతుంది. తల చుట్టూ తిరిగి కుడి చెవికి చేరడానికి సుమారు 0.6 మిల్లీసెకండ్లు అదనంగా పడుతుంది. తక్కువ పౌనఃపున్యం గల శబ్దాలలో ఈ కాల భేదాన్ని బట్టి, ఎక్కువ పౌనఃపున్యం గల శబ్దాలలో తల అడ్డు రావడం వలన కలిగే తీవ్రతా భేదాన్ని బట్టి మెదడు దిశను నిర్ణయిస్తుంది. రెండు మైకులు, రెండు స్పీకర్లు పెడితే సరిపోదా అంటే, సరిపోదు. చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్ల విషయంలో ఒక్కొక్క చెవికి ఒక్కొక్క సంకేతమే వినబడుతుంది. గదిలో స్పీకర్లు పెట్టినప్పుడు మాత్రం రెండు స్పీకర్ల శబ్దమూ రెండు చెవులకూ చేరుతుంది. స్పీకర్ల మధ్య కేవలం తీవ్రతలో భేదం కల్పిస్తే, ఈ కలయిక వలన శ్రోత చెవుల వద్ద అది సహజమైన కాల భేదంగా పరిణమిస్తుందని బ్లూమ్‌లైన్ గ్రహించాడు. స్టీరియోకు సైద్ధాంతికమైన పునాది ఇదే.

అదే పేటెంటులో, ఒకదానితో ఒకటి 90 డిగ్రీల కోణంలో ఒకే చోట అమర్చిన రెండు మైకుల పద్ధతిని కూడా వివరించాడు. శబ్దగ్రాహకులు నేటికీ దీనిని బ్లూమ్‌లైన్ జంట అనే పిలుస్తారు. ఒకే గాడిలో రెండు సంకేతాలను చెక్కే విధానమూ అందులోనే ఉన్నది. రికార్డు గాడి ఆంగ్ల అక్షరం వి ఆకారంలో ఉంటుంది. దాని రెండు గోడలు ఉపరితలానికి 45 డిగ్రీల వాలులో ఉండేలా చెక్కి, ఒక గోడపై ఎడమ సంకేతాన్ని, మరొక గోడపై కుడి సంకేతాన్ని నమోదు చేయవచ్చునని చూపించాడు. సుమారు పాతికేళ్ళ తరువాత వచ్చిన స్టీరియో ఎల్.పి. రికార్డులన్నీ ఈ రీతిలోనే తయారయ్యాయి.

1934 జనవరిలో లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నిర్వహణలో లండన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం మోజార్ట్ రచించిన జూపిటర్ సింఫనీని అభ్యాసం చేస్తుండగా ఇతని బృందం ప్రయోగాత్మకంగా స్టీరియోలో నమోదు చేసింది. 1935లో కొన్ని చిన్న చలనచిత్రాలు కూడా తీశారు. ఒకదానిలో మనుషులు వేదికపై అటూ ఇటూ నడుస్తూ మాట్లాడతారు. మరొకదానిలో హేస్ స్టేషను మీదుగా రైళ్ళు సాగిపోతాయి. ఇవి నేటికీ భద్రంగా ఉన్నాయి. కథ లేని ఈ చిత్రాలలో శబ్దమే కథానాయకుడు.

ఇంత జరిగినా ఇ.ఎం.ఐ. దీనిని వ్యాపార స్థాయికి తీసుకుపోలేదు. అది ఆర్థిక మాంద్యపు కాలం. లక్కతో చేసిన 78 వేగపు రికార్డులలో గరగర శబ్దం ఎక్కువగా ఉండేది. సినిమాహాళ్ళు మాటల యంత్రాలనే అప్పుడప్పుడే కొనుగోలు చేసి ఉన్నాయి. వాటిని మార్చమంటే ఒప్పుకొనే పరిస్థితి లేదు. 1955లో ఇ.ఎం.ఐ. స్టీరియో టేపులను విడుదల చేసింది. 1957-58లో స్టీరియో ఎల్.పి.లు విపణిలోకి వచ్చాయి. అప్పటికి బ్లూమ్‌లైన్ మరణించి పదిహేనేళ్ళు దాటింది, పేటెంటు గడువు కూడా తీరిపోయింది. ఇక్కడ మరొక విషయం చెప్పడం న్యాయం. అదే కాలంలో అమెరికాలోని బెల్ పరిశోధనశాల కూడా స్వతంత్రంగా ఈ దిశలో కృషి చేసింది. 1933లో ఫిలడెల్ఫియా నుండి వాషింగ్టన్‌కు వాద్యగోష్ఠిని బహుళ మార్గాలలో ప్రసారం చేసింది. స్టీరియోకు ఏకైక జనకుడు ఇతడే అనడం కంటే, దాని సమగ్ర స్వరూపాన్ని ఒకే పత్రంలో మొదట దర్శించినవాడు అనడం సమంజసం.

టెలివిజన్

తరువాత షోన్‌బెర్గ్ ఇతనిని టెలివిజన్ పనికి మళ్ళించాడు. జాన్ లోగీ బెయిర్డ్ పద్ధతికి పోటీగా, 405 గీతలతో పూర్తిగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో పనిచేసే వ్యవస్థను ఇ.ఎం.ఐ. బృందం రూపొందించింది. నవంబరు 2, 1936న లండన్‌లోని అలెగ్జాండ్రా పాలెస్ నుండి బి.బి.సి. క్రమబద్ధమైన ప్రసారాలు ప్రారంభించినప్పుడు రెండు పద్ధతులనూ వారం విడిచి వారం వాడారు. 1937 ఫిబ్రవరిలో బెయిర్డ్ పద్ధతిని విరమించారు. బ్రిటన్‌లో 405 గీతల ప్రసారం 1985 వరకు కొనసాగింది. ఈ వ్యవస్థలోని అనేక వలయాలపై బ్లూమ్‌లైన్ ముద్ర ఉన్నది.

వాటిలో ఒకటి ప్రత్యేకంగా చెప్పదగినది. నగరంలోని వేర్వేరు ప్రదేశాల నుండి చిత్ర సంకేతాన్ని కేబులు ద్వారా అలెగ్జాండ్రా పాలెస్‌కు చేర్చవలసి ఉండేది. 1937 మే నెలలో జరిగిన ఆరవ జార్జి పట్టాభిషేక ఊరేగింపు ప్రసారానికి ఇటువంటి కేబులే ఉపయోగపడింది. నగరంలోని ట్రాములు, మోటార్లు, విద్యుత్ తీగలు కలిగించే అలజడి అంతా దారిలో ఆ కేబులులోకి చేరుతుంది. కేబులులో రెండు తీగలు ఉంటాయి గనుక, అలజడి రెండింటిలోనూ సమానంగా చేరుతుంది; అసలు సంకేతం మాత్రం రెండింటి మధ్య భేదంగా ఉంటుంది. ఉమ్మడిగా ఉన్నదానిని విడిచిపెట్టి, భేదాన్ని మాత్రమే వృద్ధి చేసే వలయం కావాలి. 1936లో బ్లూమ్‌లైన్ పేటెంటు కోరిన లాంగ్-టెయిల్డ్ పెయిర్ ఆ పని చేసింది.

దీని నిర్మాణం సరళమైనది. రెండు వాల్వుల కేథోడులను ఒకచోట కలిపి, అక్కడి నుండి పెద్ద నిరోధకం ఒకటి రుణ విద్యుత్తు వైపు కలుపుతారు. బొమ్మలో గీస్తే ఆ నిరోధకం పొడవైన తోకలా కనబడుతుంది, పేరు అందుకే వచ్చింది. పని తీరును పొలం నీటితో పోల్చవచ్చు. ఒక తూము నుండి స్థిరమైన పరిమాణంలో వచ్చే నీరు రెండు బోదెలుగా చీలుతున్నదనుకుందాము. ఒక బోదె మడవను ఎక్కువగా తెరిస్తే అటు నీరు పెరుగుతుంది, రెండవ బోదెలో అంత మేరకు తగ్గుతుంది. రెండు మడవలనూ సమానంగా తెరిచినా, సమానంగా మూసినా వచ్చే నీరు అంతే గనుక వాటాలు మారవు. అదే విధంగా రెండు వాల్వులకు సమానంగా అందిన అలజడి ఫలితం చూపదు. భేదం మాత్రమే బయటకు వస్తుంది.

1937 జూన్‌లో ఇతడు మరొక పేటెంటుకు దరఖాస్తు చేశాడు. వాల్వు యాంప్లిఫయరులో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మధ్య నుండి ఒక తీగ తీసి వాల్వు స్క్రీన్ గ్రిడ్‌కు కలపడం దీని సారాంశం. 1951లో అమెరికాలో హాఫ్లర్, కెరోస్ అనేవారు అల్ట్రా-లీనియర్ అనే పేరుతో దీనిని ప్రచారంలోకి తెచ్చారు.

స్టీరియో యాంప్లిఫయర్ చిప్‌లో ఇతని ఆలోచనలు

బ్లూమ్‌లైన్ కాలానికి ట్రాన్సిస్టరు లేదు. అది 1947లోను, అనేక భాగాలను ఒకే పలకపై నిర్మించే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ 1958లోను వచ్చాయి. కనుక చిప్‌ను ఇతడు కనిపెట్టాడనడం పొరపాటు. అయితే కారు రేడియోలోనో, టెలివిజన్‌లోనో, కంప్యూటరు స్పీకరులోనో ఉన్న స్టీరియో యాంప్లిఫయర్ చిప్‌ను విప్పి దాని వలయ చిత్రాన్ని చూస్తే, ఇతడు వేసిన బాట స్పష్టంగా కనబడుతుంది.

అటువంటి చిప్‌లో ఎడమ, కుడి సంకేతాలకు ఒకే విధమైన రెండు యాంప్లిఫయర్లు ఉంటాయి. కార్ల రేడియోల కోసం తయారైన టిడిఎ2005, ఒక్కొక్క మార్గంలో 20 వాట్ల వరకు ఇవ్వగల ఎల్‌ఎం1876 ఇందుకు ఉదాహరణలు. ఒక్కొక్క యాంప్లిఫయరు ముఖద్వారంలో ఉండేది పొడవు తోక జంటయే. వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు, తోక నిరోధకం స్థానంలో స్థిర విద్యుత్ ప్రవాహాన్ని ఇచ్చే మరొక ట్రాన్సిస్టరు ఉంటాయి. వాల్వుల కాలంలో ఈ జంటకు ఉన్న పెద్ద ఇబ్బంది, రెండూ సరిగ్గా ఒకే తీరున ఉండకపోవడం. ఒకే సిలికాన్ పలకపై, ఒకే క్షణంలో, ప్రక్కప్రక్కనే తయారైన రెండు ట్రాన్సిస్టర్లు కవలల వంటివి. వేడెక్కినా రెండూ కలిసే వేడెక్కుతాయి. బ్లూమ్‌లైన్ వలయానికి తగిన ఇల్లు చిప్‌లోనే దొరికిందని చెప్పవచ్చు.

ఈ జంటలో ఒక ట్రాన్సిస్టరుకు పాట సంకేతం అందుతుంది. రెండవదానికి స్పీకరు వద్దకు చేరిన సంకేతంలో కొంత భాగాన్ని వెనుకకు తెచ్చి అందిస్తారు. దీనిని నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. ఇది 1927లో బెల్ సంస్థ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ కనిపెట్టిన సూత్రం. జంట రెండింటినీ పోల్చి, భేదాన్ని తరువాతి అంచెకు పంపుతుంది. ఆ అంచె భేదం దాదాపు శూన్యమయ్యే వరకు అవుట్‌పుట్‌ను సరిదిద్దుతుంది. ఎన్ని రెట్లు వృద్ధి కావాలన్నది రెండు నిరోధకాల నిష్పత్తి నిర్ణయిస్తుంది. 22,000 ఓమ్‌లు, 680 ఓమ్‌లు వాడితే వృద్ధి సుమారు 33 రెట్లు. చిప్‌లోని ట్రాన్సిస్టర్ల గుణాలు కొంత అటూ ఇటూ అయినా ఈ సంఖ్య మారదు.

చివరి అంచెలో ఒక ట్రాన్సిస్టరు స్పీకరులోకి విద్యుత్తును నెడుతుంది, మరొకటి లాగుతుంది. ఒకటి ఆగి మరొకటి మొదలయ్యే క్షణంలో శబ్దం వికృతం కాకుండా రెండింటిలోనూ ఎప్పుడూ కొద్దిపాటి ప్రవాహం ఉండేలా చూస్తారు. దీనిని ఎబి తరగతి అంటారు. శక్తి లెక్క చూద్దాము. 12 వోల్టుల సరఫరాలో సంకేతం మధ్య బిందువు నుండి ఇరువైపులా 6 వోల్టులు ఊగగలదు; ట్రాన్సిస్టర్లలో ఒక వోల్టు పోగా 5 మిగులుతుంది. 4 ఓమ్‌ల స్పీకరులో ఇది సుమారు 3 వాట్లు. స్పీకరు రెండు కొసలనూ రెండు యాంప్లిఫయర్లు ఎదురెదురు దిశలలో నడిపితే వోల్టేజి రెట్టింపై శక్తి నాలుగు రెట్లు, అనగా సుమారు 12 వాట్లు అవుతుంది. దీనిని బ్రిడ్జ్ పద్ధతి అంటారు. టిడిఎ2005ను స్టీరియోగానో బ్రిడ్జ్‌గానో వాడుకోవచ్చు. ఇక వేడి సంగతి. ఆదర్శ పరిస్థితిలో కూడా బి తరగతి అంచె సామర్థ్యం 78.5 శాతానికి మించదు. వాస్తవంలో ఇంకా తక్కువ. మిగిలినదంతా వేడిగా మారుతుంది. అందుకే చిప్ వెనుక లోహపు రేకు బిగిస్తారు. లోపలి ఉష్ణోగ్రత సుమారు 150 డిగ్రీలకు చేరితే చిప్ తనంతట తానే పని ఆపివేస్తుంది.

రెండు మార్గాలు ఒకే పలకపై, ఒకే సరఫరాపై ఉండడం వలన ఒకదాని సంకేతం మరొకదానిలోకి చొరబడే ప్రమాదం ఉన్నది. అదే పాత టెలిఫోను క్రాస్‌టాక్. ఒక మార్గంలో మద్దెల దెబ్బ పడినప్పుడు సరఫరా వోల్టేజి క్షణకాలం కుంగుతుంది. ఆ కుంగుబాటు రెండవ మార్గపు ప్రవేశ జంటలోని రెండు ట్రాన్సిస్టర్లకూ దాదాపు సమానంగా తగులుతుంది గనుక చాలా వరకు రద్దవుతుంది. 1936లో లండన్ వీధుల అలజడిని తొలగించడానికి వేసిన ఎత్తుగడ ఇక్కడ ఎడమ చెవి పాటను కుడి చెవి నుండి దూరంగా ఉంచుతున్నది. అల్ట్రా-లీనియర్ ఆలోచన మాత్రం చిప్‌లోకి రాలేదు. దానికి ట్రాన్స్‌ఫార్మరు కావాలి, సిలికాన్ పలకపై దానికి చోటు లేదు.

రాడార్ పరిశోధన

యుద్ధ మేఘాలు కమ్ముకొనేసరికి ఇ.ఎం.ఐ. పరిశోధనశాల సైనిక పనులకు మళ్ళింది. శత్రు విమానాల మోత ఏ దిశ నుండి వస్తున్నదో కనిపెట్టే పరికరానికి ద్వికర్ణ సూత్రాన్నే ఇతడు ఉపయోగించాడు. చెవులకు బదులు, రెండు శబ్దాల భేదం తెరపై కంటికి కనబడేలా చేశాడు. రాత్రివేళ పోరాడే విమానాల రాడార్ పరికరాలపై కూడా పనిచేశాడు. అతి స్వల్ప కాలం పాటు అధిక శక్తి గల స్పందనలను పుట్టించడానికి అతడు కనిపెట్టిన అమరిక నేటికీ బ్లూమ్‌లైన్ లైన్ అనే పేరుతో లేజర్లలో, పరిశోధనశాలలలో వాడుకలో ఉన్నది.

వీటిలో చివరిది, అతని ప్రాణాన్ని బలిగొన్నది హెచ్2ఎస్ అనే రాడార్. 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్‌లు కనిపెట్టిన కేవిటీ మాగ్నెట్రాన్ నుండి సుమారు 10 సెంటీమీటర్ల తరంగాలను పుట్టించి, విమానం అడుగు నుండి నేల మీదకు ప్రసరింపజేస్తే, తిరిగివచ్చే ప్రతిధ్వనుల వలన మేఘాలు కమ్మినా, చీకటి ఉన్నా క్రింది ఊళ్ళు, నదులు, తీరరేఖలు తెరపై పటంలా కనబడతాయి. మాల్వర్న్‌లోని టెలికమ్యూనికేషన్స్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో బెర్నార్డ్ లోవెల్ దీనికి నాయకత్వం వహించాడు. పరికరాన్ని తయారీకి అనువుగా రూపొందించే బాధ్యత ఇ.ఎం.ఐ. స్వీకరించింది.

మరణం

జూన్ 7, 1942న వి9977 సంఖ్య గల హాలిఫాక్స్ విమానం డెఫర్డ్ విమానాశ్రయం నుండి బయలుదేరింది. అందులో బ్లూమ్‌లైన్‌తో పాటు ఇ.ఎం.ఐ.కి చెందిన సెసిల్ బ్రౌన్, ఫ్రాంక్ బ్లైథెన్ ఉన్నారు. వీరు కాక పరిశోధన సంస్థ వారు, వైమానిక దళ సిబ్బంది కలిపి మొత్తం పదకొండు మంది. ప్రయాణంలో కుడి వైపు చివరి ఇంజనుకు నిప్పంటుకున్నది. విమానం హియర్‌ఫర్డ్‌షైర్‌లోని వెల్ష్ బిక్నర్ గ్రామం వద్ద, వై నది లోయలో కూలిపోయింది. ఎవరూ బ్రతకలేదు.

ఇంజనులోని ఒక వాల్వుకు సంబంధించిన చిన్న నట్టును నిర్వహణ సమయంలో సరిగా బిగించకపోవడమే ప్రమాదానికి మూలమని దర్యాప్తులో తేలింది. ఆ నట్టు సడలడం వలన ఇన్లెట్ వాల్వు విరిగింది. ఇంధనానికి మంటలంటుకొని రెక్కకు ప్రాకాయి. శిథిలాలలో ఉన్న మాగ్నెట్రాన్ ఎవరి చేతిలోనూ పడకుండా లోవెల్ ఆ రాత్రే అక్కడికి వెళ్ళి దానిని తీసుకురావలసి వచ్చింది.

సహచరులను కోల్పోయినప్పటికీ బృందం పని ఆపలేదు. 1943 జనవరి చివరలో హాంబర్గ్ నగరంపై జరిగిన దాడిలో హెచ్2ఎస్ మొదటిసారి యుద్ధంలో వినియోగమైంది. పరికరం రహస్యం కావడంతో దానిని తయారుచేసినవారి మరణం కూడా రహస్యమైంది. ఇంత మంది ప్రవీణులు ఒకేసారి మరణించారని శత్రువుకు తెలియకూడదని ప్రభుత్వం భావించింది. పత్రికలలో నివాళి వ్యాసాలు రాలేదు. ఇతని గురించి బహిరంగంగా వ్రాయడానికి యుద్ధం ముగిసేదాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి లోకం దృష్టి వేరే విషయాలపైకి మళ్ళింది. ఇతడు వ్యాసాలు అరుదుగా వ్రాయడం, స్టీరియో ప్రజలలోకి ఆలస్యంగా రావడం ఈ విస్మృతికి తోడయ్యాయి.

వ్యక్తిగత జీవితం

బ్లూమ్‌లైన్, డోరీన్‌ల వివాహం 1933లో జరిగింది. వీరికి సైమన్, డేవిడ్ అనే ఇద్దరు కుమారులు. తండ్రి మరణించేనాటికి ఇద్దరూ పసివారు. విమానం నడపడం ఇతనికి ఇష్టమైన వినోదం. 1927 నుండి లెక్కిస్తే సగటున ప్రతి ఆరు వారాలకు ఒక పేటెంటు ఇతని నుండి వెలువడింది. వాటిలో చాలావాటిలో సహోద్యోగుల పేర్లు కూడా ఉన్నాయి. ఘనత పంచుకోవడంలో ఇతడు లోభి కాడని దీనిని బట్టి ఊహించవచ్చు.

గుర్తింపు

లండన్‌లోని ఈలింగ్‌లో ఇతడు నివసించిన ఇంటికి 1977లో నీలి ఫలకం అమర్చారు. రాబర్ట్ అలెగ్జాండర్ 1999లోను, రస్సెల్ బర్న్స్ 2000లోను ఇతని జీవిత చరిత్రలను ప్రచురించారు. 2015లో అబ్బే రోడ్ స్టూడియోలో అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐ.ఇ.ఇ.ఇ. స్టీరియో ఆవిష్కరణకు గుర్తుగా మైలురాయి ఫలకాన్ని ఆవిష్కరించింది. 2017లో సాంకేతిక విభాగంలో గ్రామీ పురస్కారం మరణానంతరం లభించింది. విమానం కూలిన చోటికి సమీపంలో ఉన్న గుడ్రిచ్ కోటలోని ప్రార్థనా మందిరంలో, రాడార్ పరిశోధనలో ప్రాణాలు కోల్పోయినవారి స్మృత్యర్థం 1992లో ఒక రంగుటద్దాల కిటికీని నెలకొల్పారు.